బడి కొళాయికి వంతు ఎప్పుడు?

పల్లెటూళ్లో మంచినీళ్ల కొళాయిది ఒక వేళ, బడిది ఇంకో వేళ. తెల్లవారి ఆరింటికో ఆరున్నరకో పంచాయతీ మోటారు వేస్తారు, వీధి చివర గేటు వాల్వు తిప్పుతారు, గంటో గంటన్నరో నీళ్లొస్తాయి, బిందెలు నిండాక కట్టేస్తారు. మళ్లీ సాయంత్రం అయిదు దాటాకే. బడి గేటు తొమ్మిదికి తెరుచుకుని నాలుగింటికి మూతపడుతుంది. దాంతో బడి ఆవరణలో వేసిన కొళాయికి నీళ్లొచ్చేసరికి పట్టుకునే చెయ్యి ఉండదు, చేతులొచ్చేసరికి నీళ్లు వెళ్లిపోయి ఉంటాయి. సంపు, మోటారు, మేడమీద సింటెక్స్ ట్యాంకు మూడూ సవ్యంగా పనిచేస్తున్నచోట ఈ తేడా ఎవరి కంటా పడదు. వాటిలో ఒకటి మొరాయించినా, లేదా ఎండలు ముదిరి పంచాయతీ బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టినా, అప్పుడు బయటపడుతుంది. నీటి ఎద్దడిలో స్థానిక సంస్థలూ బడులూ నీళ్లెలా పంచుకోవాలన్న చర్చ ఎప్పుడొచ్చినా ఎన్ని లీటర్లు, ఎన్ని ట్యాంకర్లు అన్న లెక్క దగ్గరే మొదలవుతుంది. లెక్క అక్కర్లేదని కాదు. కానీ లెక్కకంటే ముందు తేల్చుకోవలసినది వరుస: ఎవరి వంతు ఎప్పుడు, వాల్వు మీద చెయ్యి ఎవరిది, ఆ వంతు తప్పితే అడగవలసింది ఎవరిని. ఇది ఎద్దడి మీద పడ్డాక వాదులాడుకుని తేల్చే సంగతి కాదు, నీళ్లు పుష్కలంగా ఉన్న కార్తీకంలోనే రాసిపెట్టుకోవలసిన సంగతి. ఈ వ్యాసం వాదన అదే.

ఈ ప్రశ్నను గాలిలో పెట్టి మాట్లాడటం కంటే ఒక మండలం మీద పెట్టి చూడటం మేలు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖ జిల్లాలో ఉన్న రావికమతం మండలం, చోడవరం నియోజకవర్గంలోని నాలుగు మండలాల్లో ఒకటి. మిగతావి చోడవరం, బుచ్చెయ్యపేట, రోలుగుంట. ఒక పక్క తూర్పు కనుమల పాదాలు, ఇంకో పక్క చెరకూ వరీ పండే పల్లపు భూములు. మండలంలోనే కల్యాణపులోవ జలాశయం ఉంది. లోవ అంటేనే కొండల నడుమ ఒదిగిన లోయ. కొండవాలుల మీద పడ్డ వాన గెడ్డలై, అంటే వాగులై, అక్కడికి చేరుతుంది. కాస్త అటు చీడికాడ వైపు కోనాం, మాడుగుల వైపు పెద్దేరు, దేవరాపల్లి దగ్గర రైవాడ, నాతవరం వైపు తాండవ జలాశయాలు. పటంలో చూసినవాడెవడైనా ఇక్కడ నీటికి కరువేమిటని అడుగుతాడు. అడగొచ్చు కూడా. అయితే జలాశయం నీరు ఆయకట్టుకు పుట్టింది. దాని తూములు, కాలువలు, వాటి వేళలు అన్నీ మడి కోసం. ఊరి మంచినీళ్లు చాలాచోట్ల బోరు మీదే ఆధారం. ఈ నేల కింద ఉన్నది ఖోండలైటు, చార్నోకైటు జాతుల గట్టిరాయి. అందులో నీరు ఇసుకనేలలో లాగా సమంగా పరుచుకుని ఉండదు, పగుళ్లలో, శిథిలమైన పొరల్లో చిక్కుకుని ఉంటుంది. ఒక బోరు ఎండిపోయి దాని పక్క రెండొందల గజాల్లో ఇంకో బోరు నిండుగా పోయడం ఇక్కడ వింతేమీ కాదు. బడి ఆవరణలోని బోరుకీ పంచాయతీ బోరుకీ భవిష్యత్తు వేరువేరు కావడానికి కారణం ఈ రాయే. ఇద్దరి మధ్య పంపకానికి అర్థం రావడానికి కారణం కూడా ఇదే.

ఇక లెక్క. రోజువారీ బడులకు తాగడానికీ, చేతులు కడుక్కోవడానికీ, శుభ్రతకూ తలకు రోజుకు 5 లీటర్లు కనీసమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. మరుగుదొడ్డిలో పోసే నీరు దీనికి అదనం. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ఇంకా ధారాళం: రోజు బడికి తలకు 45 లీటర్లు, వసతి బడికి 135. నడిమధ్య ఒక అంకె తీసుకుందాం. రెండు వందల మంది పిల్లలున్న బడి, తలకు 20 లీటర్లు, ఏడాదికి 220 పనిరోజులు: మొత్తం 8 లక్షల 80 వేల లీటర్లు. చాలా ఎక్కువగా వినిపిస్తుంది. పక్కనే చెరకు తోటను పెట్టి చూడండి. చెరకు పంటకు కాలమంతా కలిపి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు కావాలన్నది వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడ్డ లెక్క. ఎకరం విస్తీర్ణం సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక, తక్కువ అంకె పట్టుకున్నా ఎకరం చెరకు తాగేది 60 లక్షల లీటర్లు. అందులో వాన వాటా పోనూ మిగిలినది సాగునీరే. ఆ ఎకరం తాగే నీటితో మన రెండొందల మంది బడులు ఆరింటికి ఏడాది పొడవునా నీళ్లు సరిపోయి ఇంకా మిగులుతాయి. కనీసపు 5 లీటర్ల లెక్కన అయితే ఇరవై ఏడు బడులు. చెరకు రైతును తప్పుపట్టడానికి చెప్పడం లేదిది. గోవాడ చక్కెర కర్మాగారం చుట్టూ అల్లుకున్న పల్లెల బతుకు ఆ పంట మీదే నడిచింది. చెప్పదలచినది ఇంతే: బడి అడుగుతున్న నీరు చిటికెడు. చిటికెడు నీరు కూడా దొరకలేదంటే లోపం నీటి రాశిలో లేదు.

ఆ చిటికెడు మీద మరీ ఇంత రభస ఎందుకు, పిల్లలు సీసాలో ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకుంటారు కదా అనే మాట ఎప్పుడూ వినబడేదే. సీసా దాహం తీరుస్తుంది. ఎసరు పెట్టదు. మధ్యాహ్న భోజనం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. వంద మంది ఇటూ వంద మంది అటూ ఉన్న బడిలో రోజూ 25 కిలోల బియ్యం ఉడకాలి. రెండు సార్లు కడుగు నీళ్లు, ఎసరు, పప్పుకు, కూరకు, కోడిగుడ్లు ఉడకబెట్టడానికి, ఆ మీదట రెండు వందల కంచాలు, గిన్నెలు, వంటగది గచ్చు. ఈ నీళ్లు పిల్లల సీసాల్లోంచి రావు. కొళాయి రానినాడు అవి వంటచేసే ఆడవాళ్ల నెత్తిమీద బిందెల్లో వస్తాయి, దగ్గరలోని బోరింగు నుంచో ఎవరి పొలం మోటారు నుంచో. వాళ్లకిచ్చే గౌరవ వేతనంలో నీళ్లు మోసిన కూలి అంటూ ఏ పద్దులోనూ లేదు. రెండోది మరుగుదొడ్డి. గదులు కట్టి, పలకలు అతికించి, అందులో నీళ్లు లేకపోతే ఆడపిల్ల ఏం చేస్తుంది? నీళ్లు తాగడం మానేస్తుంది. వేసవి ఎండల్లో బడిలో తాగునీటి గంట కొట్టాలని 2024లో రాష్ట్రంలో ఉత్తర్వులు వచ్చాయి. మంచి పనే. గంట విని కూడా తాగని పిల్ల గురించి ఆలోచించాలంటే మరుగుదొడ్డి కొళాయి దాకా వెళ్లాలి.

బడి ఎవరిది, నీళ్లు ఎవరివి అన్న ప్రశ్నలోనే సగం చిక్కు దాగి ఉంది. మన బడుల బోర్డులు ఒకసారి చదవండి: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పేర్లన్నీ స్థానిక ప్రభుత్వాలవే. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా పంచాయతీరాజ్ మొదలైననాటి నుంచి సమితులకూ జిల్లా పరిషత్తులకూ బడులు అప్పగించిన చరిత్ర ఆ బోర్డుల్లో మిగిలింది. సమితులు పోయి మండలాలు వచ్చాక పేరు మారింది. కానీ ఉపాధ్యాయుల నియామకం, బదిలీ, పాఠ్యం, పర్యవేక్షణ అన్నీ ఇవాళ విద్యాశాఖ చేతిలో ఉన్నాయి. నీళ్లేమో గ్రామ పంచాయతీవి, పెద్ద పథకమైతే గ్రామీణ నీటి సరఫరా శాఖవి. జిల్లా పరిషత్ పేరున్న బడికి గ్రామ పంచాయతీ నీళ్లివ్వాలి, మండల విద్యాశాఖాధికారి అడగాలి, కరెంటు బిల్లు ఇంకొకరు కట్టాలి. ఇంతమంది తండ్రులున్న బిడ్డకు అన్నం ఎవరు పెడతారన్నది పాత ప్రశ్నే. నిజానికి చట్టం ఈ ముడి విప్పే ఉంచింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలు చేర్చింది. వాటిలో మూడోది చిన్నతరహా నీటిపారుదల, నీటి నిర్వహణ, పదకొండోది తాగునీరు, పదిహేడోది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. మడి, కొళాయి, బడి మూడూ ఒకే పట్టికలో ఉన్నాయి. ఆ పట్టికలోని అంశాలను నిధులతో, సిబ్బందితో సహా పంచాయతీలకు బదలాయించే నిర్ణయం మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంచారు; రాష్ట్రాలు అంశాలను కాగితం మీద ఇచ్చి మనుషులను శాఖల్లోనే ఉంచుకున్నాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో సురక్షితమైన, చాలినంత తాగునీరు ఉండాలంది, బడికి సౌకర్యాలు కల్పించే బాధ్యతను స్థానిక సంస్థ మీద కూడా పెట్టింది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆరు నెలల గడువిచ్చి బడుల్లో తాగునీరు, మరుగుదొడ్లు ఏర్పాటు చెయ్యమంది. హక్కు ఉందా లేదా అన్న వాదన ఆ రోజుతో తీరిపోయింది.

ఆ తర్వాత డబ్బు కూడా వచ్చింది. 2019 నవంబరు 14న మొదలైన మన బడి నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. చెయ్యవలసిన పనుల జాబితాలో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు ముందు వరుసలో ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద 2020 అక్టోబరు 2 నుంచి బడులకూ అంగన్‌వాడీలకూ కొళాయిలు వేసే వంద రోజుల ఉద్యమం నడిపారు. మొదటగా అన్ని బడులకూ కొళాయి చేరిందని లెక్క చూపిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇన్ని చేశాక ఇంకా ఈ గోలేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే, దానికి సూటిగా జవాబు చెప్పాలి. లెక్కలో పడింది కొళాయి. కొళాయిని ఒకసారి లెక్కపెడితే అది ఎప్పటికీ లెక్కలో ఉంటుంది. నీటిని ఏ రోజుకారోజు లెక్కపెట్టాలి. పథకాల పద్ధతి కట్టడానికి సరిపోతుంది: టెండరు, పని, ఫోటో, బిల్లు. గొట్టంలోంచి ఏ గంటకు ఎన్ని నీళ్లు వస్తున్నాయన్నది నిర్వహణ, దానికి ప్రారంభోత్సవం ఉండదు. నిర్వహణకు చేతిలో పైసా లేదనడమూ పూర్తి నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులో 60 శాతం ముడిపెట్టిన నిధి: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికీ వాననీటి సేకరణకూ నీటి పునర్వినియోగానికీ. బడి సంపు మరమ్మతు, పైకప్పు నీటి గుంత, మరుగుదొడ్డి గొట్టం ఈ రెండు సగాల్లో ఏదో ఒకదాంట్లో ఇమిడిపోతాయి. ఆ నిధులను పాత విద్యుత్ బకాయిల కింద మినహాయించుకున్నారని రాష్ట్రంలో సర్పంచులు రోడ్డెక్కిన మాటా వాస్తవమే. పంచాయతీ ఖాతాలో నీళ్ల పద్దుకీ కరెంటు పద్దుకీ మధ్య గోడ ఎంత పల్చనో ఆ గొడవ చూపించింది.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది క్యాలెండరు. బడీ ఊరూ ఒకే నీటి కోసం కొట్టుకుంటాయని అనుకుంటాం. తేదీలు పెట్టి చూస్తే అలా లేదు. 2024లోనూ 2025లోనూ మన బడులకు ప్రకటించిన వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. నలభై తొమ్మిది రోజులు. ఊరికి ఎద్దడి పరాకాష్ఠకు వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే, రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టే వేళ. ఆ నలభై తొమ్మిది రోజులూ బడి బోరు, సంపు, మేడమీది ట్యాంకు తాళం వెనక ఖాళీగా ఉంటాయి. బడికి ఎద్దడి మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా, మళ్లీ జూన్‌లో బడి తెరిచాక వానలు ఆలస్యమైతే. 2023 జూన్‌లో తెరిచిన తర్వాత కూడా ఎండలు తగ్గక రాష్ట్రమంతా ఒంటిపూట బడులు నడపవలసి వచ్చింది గుర్తుండే ఉంటుంది. ఇద్దరి అవసరాలూ వేరు నెలల్లో ఉన్నప్పుడు పంపకం ఒకరి నోటి దగ్గరిది లాక్కోవడం కాదు, చేబదులు. మేలో బడి బోరు పరిసర వీధులకు రోజుకు కొన్ని గంటలు పోస్తుంది. దానికి బదులుగా మార్చిలో, జూన్‌లో పంచాయతీ తన వాటర్‌మ్యాన్ చేత ఉదయం విడుదలలో మొదటి ఇరవై నిమిషాలు బడి సంపుకు వదిలిస్తుంది. ఇళ్లకు తర్వాత. సంపు నిండితే చాలు, తొమ్మిదింటికి బడి మోటారు ఆ నీటిని పైకి ఎక్కించుకుంటుంది. రెండు వందల మందికి తలకు 20 లీటర్ల లెక్కన ఆ సంపులో పట్టవలసింది 4,000 లీటర్లు, మామూలు ట్యాంకరుకంటే తక్కువ. పల్లెల్లో చెరువు నీళ్లకు వంతులు తెలుసు. తూము కింద ఎవరి మడికి ఎన్ని గంటలో, ఎవరి తర్వాత ఎవరో తరాల నుంచి నోటి లెక్కగా నడిచింది, తగాదాలతో సహా. కొళాయి నీటికి ఆ వంతు పద్ధతి ఎందుకో రాలేదు. గొట్టం వచ్చాక నీరు ప్రభుత్వం సంగతి అయిపోయింది, వాలులో ఉన్న ఇల్లు ముందు పట్టుకుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ప్రధానోపాధ్యాయుల వైపు నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టెయ్యకూడదు. బోరు ఒకసారి ఊరికిస్తే తిరిగి బడికి రాదు. మొదటి ఏడాది వీధి కోసం వేసిన పైపు రెండో ఏడాదికి నాలుగు ఇళ్ల సొంత కనెక్షన్ అవుతుంది. మోటారు కాలితే బాగుచేయించేది ఎవరు? బడి మీటరు మీద తిరిగిన కరెంటు బిల్లు ఎవరు కడతారు? సెలవుల్లో గేటు తెరిచి ఉంచితే కిటికీ అద్దాలకు, కుర్చీలకు, కొత్త పంకాలకు పూచీ ఎవరిది? ఇవి ఊహించుకున్న భయాలు కావు. ఉమ్మడి ఆస్తి మన ఊళ్లలో ఎలా జారిపోతుందో తెలిసినవాళ్ల భయాలు. జవాబు కూడా అంత నేలబారుగానే ఉండాలి. నోటి మాట కుదరదు. పంచాయతీ తీర్మానం, బడి తల్లిదండ్రుల కమిటీ తీర్మానం రెండూ ఉండాలి, వాటిలో మొదటి తేదీతోపాటు ఆఖరి తేదీ కూడా ఉండాలి. పైపు గోడ బయట ఒక కొళాయి గట్టు దాకానే, ఇళ్లలోకి వెళ్లకూడదు. బోరుకు నీటి మీటరు, ఆ నెలల కరెంటు బిల్లు పంచాయతీది, మోటారు చెడితే పదిహేను రోజుల్లో బాగుచేయించాల్సిందీ పంచాయతీయే. 2019 అక్టోబరు 2 నుంచి నడిచిన గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్, సంక్షేమ విద్యా అసిస్టెంట్, ఇంధన అసిస్టెంట్ అన్న ఉద్యోగాలు పెట్టారు. నీళ్లు చూసే బల్ల, బడి చూసే బల్ల, కరెంటు చూసే బల్ల ఒకే హాల్లో ఉండేలా ఏర్పాటు చేసిన వ్యవస్థ అది. మూడు శాఖల మధ్య నడవాల్సిన ఫైలు మూడు కుర్చీల మధ్య నడవగలిగితే, ఈ ఒప్పందం జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం సాంకేతికమైనది, నా మటుకు నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. మేలో బడి బోరు తోడితే జూన్‌లో బడికి నీళ్లుంటాయా? భూగర్భం ఒకటే కదా. గట్టిరాయి నేలలో పగుళ్లు వేరువేరు కావచ్చు, కాకపోనూవచ్చు. అందుకే కొలవకుండా పంచుకోవడం ప్రమాదం. ఇందులో తెలుగునేల మీద జరిగిన ఒక ప్రయోగం పాఠంగా పనికొస్తుంది. 2003 తర్వాత కొన్నేళ్లు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని 638 పల్లెల్లో రైతుల భూగర్భజల నిర్వహణ కార్యక్రమం నడిచింది. అందులో ఎవరూ ఎవరికీ బోరు వెయ్యొద్దని చెప్పలేదు, జరిమానాలూ లేవు. రైతులే బోరులోకి కొలత తాడు దింపి నీటిమట్టం చూశారు, వానమాపకం చదివారు, ఊరంతా కూర్చుని ఈ రబీకి నేలలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుందని పద్దు రాసుకున్నారు. పద్దు చూశాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. దీని పక్కన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని పెట్టి చూడండి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదని చట్టం స్పష్టంగా చెప్పింది. ఎన్ని ఊళ్లలో ఆ దూరం టేపు పట్టి కొలిచారు? అధికారి ఆపవలసిన చట్టం అధికారి రాకపోతే ఆగుతుంది. ఊరు తానే చదువుకునే అంకె ఆగదు. అయితే అక్కడ రైతు తన పంట కాపాడుకోవడానికి కొలిచాడు, ఆ స్వార్థమే ఆ పనిని నిలబెట్టింది. బడి బోరు మీద ఎవరికి అంత స్వార్థం ఉందని అడగొచ్చు. ఉన్నవాళ్లు ఉన్నారు: ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు. వారానికోసారి తాడు దింపి అంకె గోడ మీద రాయడం సైన్సు పాఠమే. ఆ అంకె ఫలానా గుర్తు కిందికి దిగిననాడు ఊరికిచ్చే గంటలు సగం అవుతాయని ఒప్పందంలోనే ఉంటే, బోరు ఎందుకు కట్టేశారని హెడ్మాస్టరును నిలదీసే అవసరం రాదు.

పట్నాలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే రెండు రకాల అనుభవాలు ఉన్నాయి. 2019 జూన్‌లో చెన్నై జలాశయాలు అడుగంటినప్పుడు అక్కడి కొన్ని బడులు వేళలు కుదించుకున్నాయి, కొన్ని సెలవులిచ్చాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. 2024 మార్చిలో బెంగళూరులో కొన్ని బడులు ఆన్‌లైన్ పాఠాలకు మారాయి. ముందుగా వంతు రాసుకోకపోతే వరుసలో ఆఖరిది బడే అవుతుంది, ఎందుకంటే బడిని మూసెయ్యడం అన్నిటికంటే తేలిక. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018లో నగరం కొళాయిలన్నీ కట్టేసే రోజుకు తేదీ కూడా పెట్టుకుంది, మనిషికి రోజుకు 50 లీటర్లకు కుదించింది. కానీ బడులు మూయకూడదని అక్కడ ముందే నిర్ణయించారు. అక్కడ స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయం వాళ్లు బడుల నీటి గొట్టాలకు ఎప్పటికప్పుడు లెక్క చూపే మీటర్లు బిగించారు. పిల్లలు లేని రాత్రివేళ కూడా మీటరు తిరుగుతుంటే ఎక్కడో కారుతోందని తెలిసిపోయింది. మన దగ్గర అంత మీటరు అక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికొక అంకె, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికొక అంకె రాసుకుంటే ఆ దొంగ దొరుకుతుంది. ఎద్దడి వస్తే ట్యాంకరు పంపితే సరిపోదా అనేవాళ్లకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ట్యాంకరు దాహం తీర్చగలదు, వేళకు వస్తుందని పూచీ ఇవ్వలేదు. వచ్చాక ముందు ఏ వీధిలో ఆగుతుందన్నది మళ్లీ వరుస సమస్యే.

రైతు మాట మిగిలింది. తాగునీటి పేరు మీద సాగునీటిని తరలించుకుపోయిన అనుభవం ఈ ప్రాంతానికి బాగానే ఉంది. రైవాడ నీరు విశాఖ నగరానికి పోతుంటే దేవరాపల్లి, కె.కోటపాడు, చోడవరం మండలాల ఆయకట్టు రైతులు దశాబ్దాలుగా అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. నగరానికి తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ ఉండగా మా మడి నీళ్లెందుకని వాళ్ల ప్రశ్న. అలాంటివాళ్లకు బడి పేరు చెప్పగానే మళ్లీ ఏదో లాక్కోవడానికి వచ్చారనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాని రైవాడ తగవులోంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. నగర పాలక సంస్థకు అంత దూరం నీళ్లు అందుతున్నాయంటే, దానికి పేరుంది, గొట్టముంది, అడిగే ఇంజనీర్లున్నారు, అందకపోతే మర్నాడు వార్త అవుతుంది. ఆయకట్టుకూ ఒక సంఘం ఉంది. 1997 చట్టం కింద సాగునీటి వినియోగదారుల సంఘాలు రాష్ట్రమంతా పది వేల పైచిలుకు ఏర్పడ్డాయి, ఇవాళ ఎంత బలంగా ఉన్నాయన్నది వేరే మాట. నీటి బల్ల చుట్టూ బడికి మాత్రం కుర్చీ లేదు. కల్యాణపులోవ కాలువల వేళలు తేల్చే సమావేశంలో గానీ, పంచాయతీ వేసవి ప్రణాళిక రాసే రోజున గానీ హెడ్మాస్టరునో తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలినో పిలవాలన్న నియమం రైతు వాటాలోంచి చుక్క కూడా తగ్గించదు. కొన్నేళ్లుగా ఆ జలాశయం చుట్టూ గ్రానైట్ తవ్వకాల మీద రైతులూ గిరిజనులూ ఫిర్యాదులు చేస్తున్నారు. నీరు దిగే దారి కాపాడుకోవడంలో మడికీ బడికీ వేరు ప్రయోజనాలు లేవు.

పైకప్పు సంగతి ఒకటి రెండు మాటల్లో చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ అదే మంత్రంగా చెబుతారు. మూడు వందల చదరపు మీటర్ల కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, అయిదో వంతు పోయిందనుకున్నా 2 లక్షల 40 వేల లీటర్లు చేతికొస్తాయి. మన బడి కనీసపు అవసరం 2 లక్షల 20 వేలే. కాగితం మీద అద్భుతం. అయితే ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపు కురిసిపోతుంది, మార్చి దాకా దాచుకోవాలంటే బడి ఆవరణంతా ట్యాంకులే కట్టాలి. కనుక కప్పు నీటిని బోరు పక్క గుంతలోకి దింపి నేలకే అప్పజెప్పడం మేలు. వచ్చే మేలో ఊరికి పోసే నీటిలో ఎంతో కొంత బడి కప్పు మీది నీరే అవుతుంది.

ఇంత చెప్పాక కూడా ఈ ఏర్పాటు అందని చోటొకటి ఉంది. కల్యాణపులోవకు పైన కొండవాలుల మీద గిరిజన గూడేలున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉండిపోయినవి కనుక గ్రామసభకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం వాటికి వర్తించదు. అలాంటి గూడేల్లో ఊటగెడ్డే మంచినీళ్లు. గేటు వాల్వు లేదు, వాటర్‌మ్యాన్ లేడు. కిందనున్న జలాశయాన్ని నింపేది ఆ గెడ్డలే, కానీ గూడెం బడికి నీళ్లు పంచే పంచాయతీ కేంద్రం కొండ దిగితే గానీ రాదు. అక్కడ పంచుకోవడానికి ముందు ఊట చుట్టూ గట్టు, వాలు మీద బడి దాకా దిగే గొట్టం కావాలి. కొండ వాలే మోటారు కనుక కరెంటు బిల్లు తగవు ఉండదు. ఆర్థిక సంఘం ముడిపెట్టిన నిధిలో మొదటి రూపాయి వెళ్లవలసింది అక్కడికని నా అభిప్రాయం. కొత్తకోట, మేడివాడ, దొండపూడి లాంటి కింది ఊళ్లకు కొత్త పైపు కంటే ఒక కాగితం ఎక్కువ అవసరం. దానికి తీర్మానం చెయ్యవలసిన నెల నవంబరు, మీటరు బిగించవలసింది ఫిబ్రవరిలో. ఏప్రిల్ 23 సాయంత్రం బడికి తాళం వేసేటప్పుడు బోరు స్విచ్చు గది తాళంచెవి ఎవరి చేతికివ్వాలో ఆ కాగితం మీద పేరుతో సహా రాసి ఉండాలి, జూన్ 12 పొద్దున్న దాన్ని తిరిగి ఎవరికి అప్పజెప్పాలో కూడా.